బొమ్మలు చూసి కథ చెప్పేస్తున్న పాపకు అక్షరాల మీద చూపు నిలిచేదెలా?

ప్రశ్న
(విజయవాడ నుంచి ఒక తల్లి)

సభ్యులందరికీ నమస్కారం. మా పాపకు ఆరున్నరేళ్లు. ఇంగ్లీషు మీడియం బడిలో ఒకటో తరగతి చదువుతోంది. బడిలో తెలుగుకు రోజుకు ఒక్క పీరియడే కేటాయించడంతో, ఇంట్లోనైనా చదివే అలవాటు చేద్దామని పోయిన జనవరిలో ఇక్కడి పుస్తక మహోత్సవంలో పది పన్నెండు బొమ్మల పుస్తకాలు కొన్నాను. రాత్రి అన్నాలయ్యాక ఒక పుస్తకం తీసుకుని ఇద్దరం మంచం మీద కూర్చునేవాళ్లం. నేను చదువుతుంటే తను బొమ్మలు చూసేది. మూడు నెలలు గడిచేసరికి "నేను చదువుతానమ్మా" అంటూ పుస్తకం తన ఒళ్లోకి లాక్కుని గడగడా చదవడం మొదలుపెట్టింది. ఎంత సంతోషించానో చెప్పలేను.

ఒకరోజు పొలంలో పడ్డ మేక కథ చదువుతూ పొరపాటున రెండు పేజీలు కలిపి తిప్పేసింది. అయినా ఆగకుండా, కంటికి కనిపించని ఆ పేజీలోని వాక్యాన్ని పొల్లుపోకుండా చెప్పింది. అప్పుడు నాకు అర్థమైంది, తను చదవడం లేదు, నా నోటి వెంట విన్న కథను కంఠతా చెబుతోందని. నాకు కంగారు పుట్టింది. బొమ్మ కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడు చదువు" అన్నాను. "మే... క... కం... చె..." అని కూడబలుక్కుంటూ "దాటింది" అన్న మాట దగ్గర ఆగిపోయి నా ముఖం వంక చూసింది. మళ్లీ చదవమన్నాను. పుస్తకం మూసి, అలమరలో పెట్టేసి, వెళ్లి వాళ్ల నాయనమ్మ పక్కన పడుకుంది.

ఇది జరిగి మూడు వారాలైంది. నా దగ్గరకు పుస్తకం తేవడం మానేసింది. మా అత్తయ్యకు చదువు రాదు. ఇప్పుడు ఆ పుస్తకాలన్నీ ఆవిడ దగ్గరకు చేరాయి. ఇద్దరూ బొమ్మలు చూసుకుంటూ, కథలో లేని సంగతులు కూడా కల్పించి చెప్పుకుంటూ నవ్వుకోవడం పక్క గదిలోంచి వింటున్నాను. నేను చేసిన పని తప్పని తెలుస్తోంది, కానీ ఏది ఒప్పో తెలియడం లేదు. బొమ్మలున్నంత కాలం అక్షరాల మీద పాప చూపు నిలుస్తుందా? బడిలో ఇంకా ఒత్తులు చెప్పలేదు కాబట్టి, అవి వచ్చేదాకా ఇలాంటి పుస్తకాలు పక్కన పెట్టడం మంచిదా? చదివేటప్పుడు తప్పు పలికిన ప్రతి మాటనూ సరిదిద్దాలా? పిల్లలతో చదివిన అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1
(సిద్దిపేట జిల్లా నుంచి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని)

అమ్మా, ముందుగా ఒక మాట. మీ పాప చేసింది మోసం కాదు, బద్ధకం అంతకన్నా కాదు. పుస్తకంలోని వాక్యం ప్రతిసారీ ఒకేలా ఉంటుందనీ, నోటి కథలా మారదనీ, ఫలానా పేజీకి ఫలానా మాటలే చెందుతాయనీ ఆ బిడ్డ కనిపెట్టింది. చదువు రావడానికి ముందు మెట్టు ఇదే. పందొమ్మిదేళ్లుగా ఒకటో తరగతి చెబుతున్నాను. కథను కంఠతా చెప్పే దశ దాటిన పిల్లలు చదువులో వెనకబడటం నేను చూడలేదు. పుస్తకమంటేనే తెలియకుండా నేరుగా పలక ముందు కూర్చున్న పిల్లలతోనే నాకు ఎక్కువ కష్టమయ్యేది.

మీ మొదటి సందేహం మాత్రం సరైనదే. పెద్దవాళ్లు చదివి వినిపిస్తున్నప్పుడు పిల్లల కళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో యంత్రాలతో గమనించిన పరిశోధనలు ఉన్నాయి. 2005లో కెనడాలో ఎవాన్స్, సెయింట్ ఆబిన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో పిల్లల చూపు దాదాపు పూర్తిగా బొమ్మల మీదే ఉంది, అక్షరాల వైపు పోయింది బహు తక్కువ. అంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎన్ని కథలు చదివినా, చూపించకపోతే బిడ్డ అక్షరాన్ని తనంతట తాను చూడదు. అయితే దీనికి మందు బొమ్మను మూయడం కాదు, చదివే మాట కింద మన చూపుడువేలు నడిపించడం. అక్షరం అక్షరం మీద పొడిచినట్టు పెట్టవద్దు. వాక్యం పొడుగునా, మీ గొంతు ఎక్కడుందో వేలు అక్కడే ఉండేటట్టు జార్చుకుంటూ పోండి. పేజీకి ఒక్కచోట, అదీ కథలో మళ్లీ మళ్లీ వచ్చే మాట దగ్గర, వేలు ఆపి మీరు ఊరుకోండి. పాపే అందుకుంటుంది. మేక కథ అయితే "మేక" అన్న మాట చాలు. పది పేజీల్లో పదిసార్లు ఆ రెండక్షరాలనూ తన కళ్లతో చూస్తుంది.

ఇక ఒత్తుల సంగతి కొంచెం వివరంగా రాయాలనిపిస్తోంది, ఎందుకంటే తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మన వాచకాల్లో చాలావరకు మొదట అల, వల, తల వంటి మాటలు, తరువాత గుణింతాలు, చిట్టచివర ఒత్తులు వస్తాయి. నేర్పే సౌకర్యానికి ఆ వరస పెట్టుకున్నాం, అందులో తప్పు లేదు. కానీ పసిబిడ్డ లోకంలోని మాటలు ఒకసారి వరసగా అనుకుని చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, తాతయ్య, బువ్వ, నెయ్యి, కుక్క, పిల్లి, చెట్టు, పువ్వు, బొమ్మ. ఒత్తు లేని మాట ఒక్కటైనా ఉందా? బిడ్డకు అన్నిటికన్నా దగ్గరైన మాటలన్నీ బడి చివరికి అట్టిపెట్టిన అక్షరాలతోనే ఉన్నాయి. "ఆడుకుంటున్నాడు" అనాలన్నా ఒత్తు కావాలి. ఒత్తులు పూర్తిగా వదిలేసి కథ రాయబోతే ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగు తయారవుతుంది. కాబట్టి ఒత్తులు వచ్చేదాకా పుస్తకాలు పక్కన పెడితే, ఆ ఏడాదీ రెండేళ్లూ పిల్లలకు మిగిలేది అల, వల, తల మాత్రమే.

పైగా అది నెలల్లో ముగిసే పని కూడా కాదు. హల్లులు 35 అనుకుని, ఒక్కొక్క దానికి 12 గుణింతపు రూపాలు లెక్కవేసినా 420 అవుతాయి. ఒత్తులు దానికి అదనం. మన లిపికి తోబుట్టువు వంటి కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో పరిశీలించి సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక పాఠశాలలో పై తరగతుల దాకా సమయం పడుతుందని చూపింది. 26 అక్షరాల ఇంగ్లీషు పక్కన పెట్టి చూసి, తెలుగులో పాప వెనకబడిందని మీరు బెంగపడవద్దు. ఈలోగా "అమ్మ" అన్న మాటలో మకారం కింద వేలాడే ఆ చిన్న గుర్తును మీ పాప బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడితే చాలు. దాన్ని మ ఒత్తు అంటారని బడిలో చెప్పిన రోజున తనకు అది పాత చుట్టమే అవుతుంది.

సరిదిద్దడం గురించి ఒక అనుభవం చెబుతాను. మా తరగతిలో ఒక పుస్తకంలో గంపెడు వేరుశెనగకాయల బొమ్మ ఉంది, కింద "వేరుశెనగ" అని రాసి ఉంది. ఒక బాబు వేలు పెట్టి "పల్లికాయ" అని చదివాడు. కొత్తగా చేరిన రోజుల్లో అయితే తప్పు అనేదాన్ని. ఆ రోజు, "మనం పల్లికాయ అంటాం, అనంతపురం వాళ్లు బుడ్డలంటారు, ఈ పుస్తకం రాసినవారు ఏమన్నారో చూద్దామా?" అన్నాను. వాడు మొదటి అక్షరం మీద కళ్లు పెట్టి "వే" అన్నాడు. బొమ్మ చూసి అర్థం పట్టుకున్న బిడ్డను ముందు ఒప్పుకుని, ఆ తరువాతే అక్షరం దగ్గరకు తీసుకుపోవాలి. కథ నడుస్తుండగా పేజీకి ఒకటికి మించి దిద్దవద్దు.

మీ అత్తయ్యగారి దగ్గర జరుగుతున్నది కూడా చదువే, దయచేసి దాన్ని ఆపకండి. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు రెండేళ్ల పిల్లల తల్లిదండ్రులకు నేర్పింది ఇంచుమించు ఇదే. పుస్తకం ఊరికే చదివి వినిపించకుండా, బొమ్మ చూపి "ఇదేం చేస్తోంది? ఎందుకు చేసింది?" అని అడగడం, బిడ్డ ఒక్క మాట అంటే దాన్ని రెండు మాటలు చేసి తిరిగి చెప్పడం. అలా చదివించిన పిల్లల మాట నెల రోజులకే మెరుగుపడింది. అత్తయ్యగారు ఆ పని ఎవరూ నేర్పకుండానే చేస్తున్నారు.

సమాధానం 2
(గుంటూరు నుంచి, చదవడంలో వెనకబడిన పిల్లలకు విడిగా చదువు చెబుతాను)

టీచరుగారు రాసినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఒక్కచోట మాత్రం నాకు భయం ఉంది, అది చెప్పాలి. నా దగ్గరకు వచ్చే పిల్లలు మూడు, నాలుగు తరగతులవాళ్లు. చిన్నప్పుడు బొమ్మ చూసి, మొదటి అక్షరం చూసి, మిగిలింది ఊహించి నెట్టుకొచ్చినవారు వారిలో చాలామంది ఉంటారు. నాలుగో తరగతి వాచకంలో బొమ్మలు తగ్గిపోగానే వాళ్ల కాళ్ల కింద నేల కదిలిపోతుంది. ఈ మధ్య ఒక బాబుతో చదివించాను. బొమ్మలో చెట్టు, దాని మీద పిట్ట ఉన్నాయి. "కొమ్మ మీద పిట్ట" అని అచ్చులో ఉంది. వాడు "చెట్టు మీద పిట్ట" అని ధీమాగా చదివేశాడు. అర్థం చెడలేదు కాబట్టి పోనీలే అనుకుంటే వాడికి అపకారం చేసినట్టే. "చెట్టు అయితే ముందు ఏ అక్షరం ఉండాలి? ఇక్కడ ఏముంది?" అని అడిగి, ఆ మాటను చివరి అక్షరం దాకా చదివించాను. తెలుగులో రాసినట్టే పలుకుతాం. అక్షరం తెలిసిన బిడ్డకు ఊహతో పనే లేదు. ఇంగ్లీషులో లేని ఈ వరాన్ని మనం వదులుకోకూడదు.

కాబట్టి నా సలహా ఏమంటే, రెండు పనులనూ రెండు వేర్వేరు సమయాల్లో చేయండి. రాత్రి మంచం మీద చదివేది కథ కోసం. అక్కడ టీచరుగారు చెప్పినట్టే వేలు నడపండి, పరీక్ష పెట్టవద్దు. పగలు ఎప్పుడైనా పది నిమిషాలు అక్షరాల కోసం విడిగా కూర్చోండి. ఆ పది నిమిషాలకు సరుకు మాత్రం రాత్రి చదివిన పుస్తకంలోంచే తీసుకోండి. మ, య, వు పక్కపక్కన రాసి తేడా చూపించండి, ఈ మూడింటి దగ్గర తడబడని పిల్లలను నేను అరుదుగా చూశాను.

ఒత్తుల్లో పిల్లలు పొరపడే చోటు ఒకటుంది, పెద్దలకు అది తట్టదు. "కుర్చీ" అన్న మాట చూడండి. గుడిదీర్ఘం రకారం నెత్తిన ఉంటుంది, చకారం దాని కింద ఒత్తుగా ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ఆ దీర్ఘం చకారానికి చెందుతుంది. పైనుంచి కిందికి చూసినదాన్ని చూసినట్టే పలికిన పిల్లలు "కురీచ" అంటారు. వాళ్ల తప్పు ఏమీ లేదు, కంటికి కనిపించినది అదే. నేను దీనికి ఒక కథ చెబుతాను: పైన నిలబడ్డ అన్న తన టోపీ తీసి కింద కూర్చున్న తమ్ముడికి పెడతాడు, అందుకే అన్న "ర్" అని పొట్టిగా పలుకుతాడు, తమ్ముడు "చీ" అని నిండుగా పలుకుతాడు. ఇది ఒకసారి తలకెక్కితే "పిల్లి", "మొక్కు", "బస్తా" అన్నీ అదే దారిన నడుస్తాయి. ఒత్తుల్లో త, న, మ, య, ర, ల తమ అక్షరాలకు పోలిక లేకుండా ఉంటాయి కనుక ఆ ఆరింటినీ విడిగా చూపించాలి. మిగిలినవి చాలావరకు తలకట్టు తీసేసిన అక్షరమే చిన్నదై కిందికి దిగినట్టుంటాయి, వాటిని పిల్లలు సొంతంగానే పోల్చుకుంటారు.

సమాధానం 3
(అమెరికాలోని డల్లాస్ నుంచి ఒక తండ్రి)

మాకు ఇక్కడ వేరే చిక్కు వచ్చింది, మీకూ ఎదురుకావచ్చు కనుక రాస్తున్నాను. మా బాబుకు తెలుగు వినడం, మాట్లాడటం వచ్చు. వారాంతంలో మనబడి అనే తెలుగు నేర్పే తరగతికి వెళ్తాడు. ఊరి నుంచి వచ్చేటప్పుడు చెన్నైకి చెందిన తూలిక వారి రెండు భాషల పుస్తకాలు తెచ్చాను. బొమ్మలు ఎంతో బాగున్నాయి, మన ఊళ్లు, మన మనుషులు కనబడతారు. కానీ పేజీలో తెలుగు పక్కనే ఇంగ్లీషు ఉండేసరికి, వాడి కళ్లు తేలికైన దారి చూసుకుని ఇంగ్లీషు మీదికి జారిపోయేవి. ఆ ఇంగ్లీషు కాస్తా చదివేసి దాన్నే తెలుగు చేసి చెప్పేవాడు! నేను కూడా మీలాగే కాగితం అడ్డం పెట్టి చూశాను, ఫలితం మీకు తెలిసిందే. చివరకు ఆ పుస్తకాలను మా ఆవిడ ఇంగ్లీషులో చదివేటట్టు, తెలుగు ఒక్కటే ఉన్న పుస్తకాలను నేను చదివేటట్టు పంచుకున్నాం. మీ పాపది ఇంగ్లీషు మీడియం కనుక, కొనేటప్పుడు ఒకే భాషలో ఉన్నవి ఎంచుకోమని నా మనవి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న మీరు అడగలేదు కానీ చెబుతాను. మా చిన్నతనంలో మాస్కోలో అచ్చయిన ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో అతి తక్కువ ధరకు దొరికేవి. మంచు, ఎలుగుబంట్లు తప్ప మనవేవీ వాటిలో లేకపోయినా వాటిని అట్టలు ఊడేదాకా చదివాం. ఇప్పుడు హైదరాబాదులో మంచి పుస్తకం వారివి, నేషనల్ బుక్ ట్రస్టు వారివి తక్కువ ధరకే ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు. అందులో మొదటి స్థాయి కథలు 250 మాటల లోపే ఉంటాయి. మేము వాటిని అచ్చు తీయించి, దారంతో కుట్టుకుని చదువుతున్నాం. అనువాదాల్లో వాక్యం అక్కడక్కడా బిగుసుకుపోయినట్టు ఉంటుంది కనుక, బిడ్డకు ఇచ్చే ముందు మీరు ఒకసారి పైకి చదివి చూసుకోండి. మీ నోటికి అడ్డం పడే వాక్యం బిడ్డ నోటికీ అడ్డం పడుతుంది. ఫోను తెర మీద మాత్రం చదివించవద్దు. వేలు పెట్టగానే పేజీ జరిగిపోతుంది, పైన చెప్పిన వేలి పని అక్కడ సాగదు.

ప్రశ్న అడిగిన తల్లి
(పన్నెండు రోజుల తరువాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేను పాపను నా దగ్గరకు రమ్మని పిలవలేదు. నేనే మా అత్తయ్య మంచం దగ్గరకు వెళ్లి, "నాకూ చెప్పండి ఆ మేక కథ" అని కూర్చున్నాను. మొదటి రెండు రోజులు పాప నా చేతుల వైపే అనుమానంగా చూసింది, మళ్లీ ఎక్కడ అడ్డం పెడతానో అని. ఆ చూపును నేను మరిచిపోలేను. మూడో రోజు నుంచి పుస్తకం మా ముగ్గురి మధ్యకు వచ్చింది. ఇప్పుడు నేను చదువుతూ వేలు నడుపుతున్నాను, "మేక" వచ్చిన చోటల్లా పాప, మా అత్తయ్య కలిసి అంటున్నారు. మొన్న పాప నా వేలు పట్టుకుని ఆపేసి, "అమ్మా, నాన్నలో ఉన్నదే ఇక్కడ కూడా ఉంది" అంది. చూస్తే "తిన్నది" అన్న మాటలో న్న. దాంతో ఆ పుస్తకమంతా గాలించి ఐదు చోట్ల పట్టుకుంది. అత్తయ్య కూడా ఆ గుర్తును ఇప్పుడు పోల్చుకుంటున్నారు. టోపీ కథ ఇంకా మొదలుపెట్టలేదు, మరో నెల ఆగుదామనుకుంటున్నాను.

ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. మా రెండేళ్ల బాబు కూడా మధ్యలో దూరి పేజీలు లాగుతున్నాడు. మేక కథలో ఒక పేజీ నిలువునా చిరిగిపోయింది. పాప ఏడ్చింది. వాడిని వేరే గదిలో పడుకోబెట్టాకే చదవాలా?

సమాధానం 4
(సిద్దిపేట జిల్లా ఉపాధ్యాయిని)

వేరుచేయకండమ్మా, వాడు కూడా వింటున్నాడు. దళసరి అట్ట పేజీల పుస్తకం ఒకటి వాడి చేతికిచ్చి, అది వాడిదేనని చెప్పండి. నోట్లో పెట్టుకున్నా, తలకిందులుగా పట్టుకున్నా ఏమీ అనకండి. ఆ వయసులో పుస్తకం తెరవడం, మూయడం తెలిస్తే చాలు.

చిరిగిన పేజీని మీరు అతికించవద్దు. టేపు కత్తిరించి ఇచ్చి, పాపనే అతికించమనండి. నిలువునా చిరిగిందంటున్నారు కాబట్టి వాక్యం మధ్యలో తెగి ఉంటుంది. ఆ అంచులో సగం మాట, ఈ అంచులో సగం మాట మిగులుతాయి. రెండు ముక్కలూ దగ్గరకు జరిపి, మాట సరిగ్గా కలిసిందో లేదో తెలుసుకోవాలంటే తను దాన్ని చదివి తీరాలి. మీ చెయ్యి మాత్రం బొమ్మకు దూరంగా ఉంచండి.